రాంచ్‌లో సంసారం ఎలా ఉంటుంది? కొనే ముందు ఒక పశువుల డాక్టర్ మాట

డల్లాస్‌లో ఉంటున్న ఒక జంట అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్, సిటిజన్‌షిప్ వచ్చేసింది, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. తాతగారి హయాంలో ఇంట్లో ఒంగోలు ఆవులు ఉండేవట. ఉద్యోగాలు మానేసి నెబ్రాస్కా రాష్ట్రం వైపు ఆవుల రాంచ్, అంటే పశువుల్ని పెంచే పెద్ద గడ్డి భూమి, కొనుక్కుని, పిల్లల్ని అక్కడే పెంచుకోవాలని ఉంది, అసలు అక్కడి కుటుంబాల రోజువారీ జీవితం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి అన్నారు. పాపకు గుర్రం కావాలట, అదీ అడిగారు.

నేను తిరుపతిలో పశువైద్యం చదివి, ఇక్కడి లైసెన్సు పరీక్షలు రాసి, చాలా ఏళ్లుగా ఉత్తర నెబ్రాస్కాలోని శాండ్‌హిల్స్‌లో ఆవులకీ గుర్రాలకీ వైద్యం చేస్తున్నాను. నాకు సొంత రాంచ్ లేదు. కానీ అర్ధరాత్రి రెండింటికి తలుపు తోసుకుని వెళ్లి, వంటింటి సింకులో మోచేతుల దాకా కడుక్కునే చనువు చాలా ఇళ్లలో ఉంది. అందుకని ఆవుల కన్నా ఇళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

రాంచ్‌లో ఇల్లూ ఆఫీసూ ఒకటే. మీరు, మీ ఆవిడ, పిల్లలు, మీ నాన్నగారు వచ్చి ఉంటే ఆయన, అందరూ పనివాళ్లే. జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోకుండా మూడు నాలుగు వందల ఆవుల్ని సాకే కుటుంబాలు ఇక్కడ మామూలు. దాంతో ఇంట్లో మొదలైన మాట పట్టింపు దొడ్డి దాకా వెళుతుంది, దొడ్డిలో మొదలైంది రాత్రి భోజనాల దగ్గర తేలుతుంది. ఆవుల పని ఎవరైనా నేర్చుకోవచ్చు, రెండు మూడేళ్లు పడుతుంది. మీ ఇద్దరూ ఒకరి చేతికింద ఒకరు పనిచేయగలరా అన్నదే అసలు ప్రశ్న. డల్లాస్‌లో అది తేల్చుకోవాల్సిన అవసరం మీకు ఎప్పుడూ వచ్చి ఉండదు.

ముందు ఈ నేల సంగతి. శాండ్‌హిల్స్ అంటే గడ్డి కప్పుకున్న ఇసుక దిబ్బలు, దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు. పాత ప్రకాశం, నెల్లూరు, గుంటూరు జిల్లాలు మూడూ కలిపినా ఇంత రావు. దున్నితే ఇసుక గాలికి లేచిపోతుంది, అందుకే పంటలు తక్కువ, ఆవులు ఎక్కువ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఇక్కడి చెర్రీ కౌంటీ ఒక్కటే పాత నెల్లూరు జిల్లా కన్నా పెద్దది. 2020 జనాభా లెక్కల్లో అందులో ఉన్నవాళ్లు ఐదున్నర వేల మంది. కౌంటీ మధ్యలోంచి టైమ్ జోన్ గీత పోతుంది కాబట్టి, పక్క రాంచ్ వాళ్లు భోజనానికి పిలిస్తే ఎవరి టైమ్ ప్రకారమో అడిగి వెళ్లాలి.

1904లో కింకెయిడ్ చట్టం వచ్చి ఇక్కడ కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చారు. మనకు అది జమీందారీలా వినబడుతుంది. కానీ ఒక ఆవు ఏడాదంతా బతకాలంటే ఇక్కడ పది నుంచి ఇరవై ఎకరాల గడ్డి కావాలి. అంటే 640 ఎకరాలు నలభై ఆవుల మేత. అప్పట్లో చాలామంది అది చాలక పొరుగువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు. రియల్ ఎస్టేట్ సైట్లలో ‘640 ఎకరాల రాంచ్’ చూసి సంబరపడేవాళ్లు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు, వాళ్లకూ ఈ లెక్కే చెబుతాను.

ఇక కుటుంబం. ఇక్కడి ఇంటి క్యాలెండర్‌ని ఆవు కడుపు రాస్తుంది. చూలు కట్టిన దగ్గర్నుంచి ఈనడానికి సుమారు 283 రోజులు. ఇరవై, ఇరవై అయిదు ఆవులకు ఒక ఆంబోతు చొప్పున మందలో వదులుతారు. మే మధ్యలో వదిలితే ఫిబ్రవరి ఆఖరు నుంచి ఈతలు మొదలవుతాయి, జూలై మొదట్లో వదిలితే ఏప్రిల్ మధ్య నుంచి. ముందు పుట్టిన దూడ అక్టోబరులో అమ్మేనాటికి ఎక్కువ బరువు తూగుతుంది, కాబట్టి మగవాళ్లు, అందులోనూ పెద్దతరం వాళ్లు, ఫిబ్రవరి అంటారు. ఆ మంచులో రాత్రిళ్లు లేచేది తనూ కాబట్టి ఇంటావిడ ఏప్రిల్ అంటుంది. ఈ ఒక్క తేదీ గురించి ఏళ్ల తరబడి వాదించుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు. నా ఓటు ఏప్రిల్‌కే. కొత్తగా దిగేవాళ్లకైతే మరీనూ. గడ్డి పచ్చబడే వేళకు ఈనితే ఆవుకు దాణా ఖర్చు తగ్గుతుంది, దూడలు చలికి పోవు, మనుషులు నిద్రపోతారు. దూడ బరువులో తగ్గేది ఈ మూడింట్లో వచ్చేస్తుంది.

ఎప్పుడు ఈనినా తొలిచూలు పెయ్యల్ని మాత్రం రాత్రిపూట రెండు మూడు గంటలకోసారి చూసి రావాలి. ఇది వంతులవారీ పని. చాలా ఇళ్లలో అర్ధరాత్రి దాకా ఇంటాయన, రెండింటికి ఇంటావిడ, తెల్లవారుజామున అయిదింటికి తాతగారు. పెద్దాయన ఎలాగూ ఆ వేళకు లేస్తాడు కాబట్టి ఎవరికీ పేచీ ఉండదు. పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే శని, ఆదివారాలు వాళ్ల వంతు. ఆ ఆరేడు వారాలు మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది చాలావరకు బూట్లు విప్పే గదిలోని వైట్‌బోర్డు మీదే. ‘412, ఉమ్మనీటి సంచి కనబడింది, 1:40’ అని ఒకరు రాసి పడుకుంటే, రెండోవాళ్లు లేచి దాని కింద ‘పెయ్యదూడ, లేచింది, పాలు తాగింది’ అని రాస్తారు. 412 అంటే ఆవు చెవికున్న బిళ్ల నంబరు. ఆ బోర్డు మీద నాలుగు రోజులు ఒకే చేతిరాత కనబడితే ఆ ఇంట్లో ఎవరికో జ్వరమో, ఇద్దరి మధ్యా మాటల్లేవనో అర్థం.

సాయంత్రం పొద్దు వాలాక మేత వేస్తే ఎక్కువ దూడలు పగటిపూట పుడతాయి. కెనడాలో మానిటోబాకు చెందిన గస్ కోనెఫాల్ అనే రైతు 1970ల్లో గమనించి చెప్పిన సంగతి ఇది, తర్వాత పరిశోధనల్లోనూ తేలింది. పైసా ఖర్చు లేదు. అయినా అందరూ చేయరు. ఎందుకంటే సాయంత్రం మేత అంటే పిల్లల బాస్కెట్‌బాల్ ఆటకు ఎవరో ఒకరు వెళ్లలేరు. ఇక్కడ పశుపోషణ నిర్ణయాలు చాలావరకు ఇలాగే తెగుతాయి, పుస్తకం ఒకటి చెబుతుంది, ఇంటి అవసరం ఇంకోటి చెబుతుంది.

మంచు కురిసే రాత్రి పుట్టిన దూడ నోట్లో వేలు పెట్టి చూస్తాం. నోరు చల్లగా ఉంటే అది ప్రమాదంలో ఉన్నట్టు. పికప్ ట్రక్కులో కాళ్లు పెట్టుకునే చోట పడేసి, హీటరు పూర్తిగా పెట్టి ఇంటికి తెస్తారు. స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్లలో ముంచి, తువ్వాళ్లతో రుద్ది ఆరబెడతారు. మీ ఇంటి తొట్టి అలా వాడటానికి మీ ఆవిడకు అభ్యంతరమైతే ఇప్పుడే మాట్లాడుకోండి. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి, ఆలస్యమయ్యేకొద్దీ పేగులు వాటిలోని రోగనిరోధక శక్తిని పీల్చుకోలేవు. తల్లి దగ్గర తాగకపోతే జున్నుపాల పొడి కలిపి గొట్టంతో పోస్తారు. ఇక్కడ ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆ పొడి ఎంత వేడి నీళ్లలో కలపాలో చెబుతారు. ఇంకో సంగతి, మీరు ఎక్కడ కొన్నా పనికొచ్చేది: దూడల పారుడుకు నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్లు 2000 ప్రాంతంలో ఒక పద్ధతి తెచ్చారు. ఈనిన ఆవుల్ని ఉన్నచోటే ఉంచి, ఇంకా ఈనని వాటిని వారానికోసారి కొత్త బీటికి తోలుతూ పోవడం. పెద్ద దూడల రోగం అప్పుడే పుట్టిన దూడలకు అంటదు. మందుల ఖర్చు తగ్గుతుంది, నాకు వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి.

మేలో వాతలు పెట్టే రోజు వస్తుంది. సినిమాల్లో చూసి మీరు ఊహించుకున్న రాంచ్ జీవితం ఏదైనా ఉంటే అది ఈ ఒక్క రోజే. దూడకు ముద్ర వేయడం, కోడెదూడలకు విత్తులు తీయడం, జబ్బవాపు టీకా, అన్నీ ఒక్కసారి. గుర్రాల మీద ఉన్నవాళ్లు దూడ వెనక కాళ్లకు తాడేసి నిప్పు దగ్గరికి లాక్కొస్తారు, ఇద్దరు కుర్రాళ్లు పడేసి పట్టుకుంటారు, టీకాలు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి, పిల్లలు లెక్క రాస్తారు. చుట్టుపక్కల పది పదిహేను కుటుంబాలు వస్తాయి. ఎవరికీ డబ్బులివ్వరు. మన దగ్గర నాట్లకూ కోతలకూ బదులు వెళ్లినట్టు, వాళ్లు మీ ఇంటికి వస్తే మీరు వాళ్లింటికి వెళ్లాలి. వెళ్లకపోతే వచ్చే ఏడాది మీకు మనుషులు దొరకరు, ఎందుకని ఎవరూ చెప్పరు కూడా. ముద్రలు ప్రభుత్వం దగ్గర నమోదై ఉంటాయి. పశ్చిమ నెబ్రాస్కాలో ఆవును అమ్మాలంటే ముద్రలు తనిఖీ చేసే బ్రాండ్ ఇన్‌స్పెక్టర్ చూసి తీరాలి. ముద్ర తాతల నుంచి మనవలకు వస్తుంది, ఇంటి గేటు మీద ఇనుముతో చేసి పెడతారు.

ఆ రోజు మధ్యాహ్నం యాభై మందికి భోజనం. దీనికి ఇంటావిడ రెండు రోజుల ముందు నుంచే పని మొదలుపెడుతుంది, వంట బాగుందా లేదా అన్నది జిల్లా అంతా మాట్లాడుకుంటారు. నేను బీఫ్ తినను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ అపార్థం చేసుకోలేదు. బీన్స్, బంగాళాదుంప సలాడ్, దాల్చినచెక్క రోల్స్, పళ్ల పైలతో కడుపు నిండిపోతుంది.

పొరుగువాళ్లతో ఒక జాగ్రత్త. ‘మీకు ఎన్ని ఆవులు’ అని ఎవర్నీ అడగకండి. ఎన్ని ఎకరాలనీ అడగకండి. అది బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టే లెక్క. పెళ్లిళ్లలో జీతమెంత, ఇల్లెంతకి కొన్నారని పలకరించుకునే మనకు ఇది అలవాటవడానికి టైమ్ పడుతుంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. బండిలో డ్రైవర్ పక్కన కూర్చున్నవాళ్లు దిగి గేటు తీయాలి, ఎంత పెద్ద డాక్టరైనా సరే.

ఎండాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నీళ్లు, కంచెలు, గడ్డి కోతలు. ఎండల్లో ఆవు రోజుకు 15 నుంచి 20 గ్యాలన్లు తాగుతుంది, కాబట్టి గాలిమరలూ సోలార్ పంపులూ నీళ్లు తోడుతున్నాయో లేదో రోజూ తిరిగి చూడాలి. జూలై, ఆగస్టుల్లో తేమ ఉన్న పల్లాల్లో గడ్డి కోసి చుట్టలు కడతారు. పద్నాలుగేళ్ల పిల్లలు ట్రాక్టరు మీద పొద్దంతా ఉంటారు. ఎవరూ సెలవులకు ఊళ్లు వెళ్లరు. ఇండియా ప్రయాణం కావాలంటే నవంబరు ఆఖర్లోనో, డిసెంబరులోనో, అదీ మేత వేసే మనిషి దొరికితే. సంక్రాంతికి ఇంట్లో ఉండాలంటే చలికాలంలో మీ ఆవుల్ని నమ్మి అప్పగించగలిగే పొరుగువాళ్లను ముందు సంపాదించుకోవాలి.

ఆడవాళ్ల పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న రాసింది భర్త, భార్య మాట అందులో ఒక్కటే వాక్యం. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి ఆధారం ఇంటావిడ బయట చేసే ఉద్యోగం. స్కూల్లో టీచరో, ఆసుపత్రిలో నర్సో, కౌంటీ ఆఫీసులోనో. జీతం కన్నా ముఖ్యంగా హెల్త్ ఇన్సూరెన్స్ కోసం. రాంచ్ పని చేసేవాళ్లు సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కోవాలంటే కుటుంబానికి భారమే. ఆవిడ రోజూ అరవై డెబ్బై మైళ్లు కారు నడిపి, సాయంత్రం వచ్చి వంట, రాత్రి రెండింటి వంతు, ఆదివారం లెక్కలు, మార్చిలో ట్యాక్సు కాగితాలు. ఇన్ని చేసినా బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరం మీద ఆయన పేరొక్కటే ఉన్న ఇళ్లు ఉన్నాయి. భర్త పోయాక అత్తింటివాళ్లతో కోర్టు దాకా వెళ్లిన ఆవిడ ఒకరు ఇప్పటికీ నా దగ్గరికి కుక్కను తెస్తుంటారు. మీరు కొంటే భూమి, ఆవులు, ముద్ర, అప్పు, నాలుగూ ఇద్దరి పేర్లమీదా ఉండాలి. దీనికి మీ లాయరు అయిష్టంగా మొహం పెడితే లాయర్ని మార్చండి.

ఒంటరితనం గురించి కూడా మీ ఆవిడతో దాపరికం లేకుండా మాట్లాడండి. డల్లాస్‌లో అయిదు నిమిషాల్లో ఇండియన్ షాపు, గుడి, పాటల క్లాసు. ఇక్కడ కరివేపాకు కోసం ఆరేడు గంటలు నడపాలి, లేదా కుండీలో పెంచుకుని ఎనిమిది నెలలు ఇంట్లో కాపాడుకోవాలి. నేను రెండోది చేస్తాను. మనుషులు మంచివాళ్లే. కష్టమొస్తే పిలవకుండా వస్తారు. కానీ సాయంత్రాలు ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకునే అలవాటు తక్కువ, ఇళ్ల మధ్య దూరం అలాంటిది.

స్కూలు మీ పిల్లల వయసుకు పెద్ద ప్రశ్న. ఒకప్పుడు ప్రతి లోయకూ ఒక గది స్కూలు ఉండేది. 2005లో వచ్చిన చట్టంతో పల్లె ఎలిమెంటరీ స్కూలు జిల్లాలను, అంటే స్కూళ్లు నడిపే స్థానిక సంస్థలను, 2006లో పెద్ద స్కూలు జిల్లాల్లో కలిపేశారు, చాలా స్కూళ్లు మూతబడ్డాయి. ఇంకా కొన్ని నడుస్తున్నాయి, ఒకే టీచరు, వేళ్లమీద లెక్కపెట్టేంత మంది పిల్లలు. అవి నిజానికి బాగుంటాయి. హైస్కూలు వచ్చేసరికి మాత్రం చాలామంది తల్లులు టౌన్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలతో అక్కడ ఉంటారు. తండ్రి ఒక్కడే రాంచ్‌లో. మనవాళ్లు పిల్లల చదువు కోసం హైదరాబాద్‌లో కాపురం పెట్టినట్టే. నెబ్రాస్కాలో 14 ఏళ్లు దాటిన పల్లె పిల్లలకు స్కూలుకు వెళ్లి రావడానికి పరిమిత డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. మంచు రోడ్ల మీద పద్నాలుగేళ్ల పిల్ల ఒక్కతే కారు నడపడాన్ని తట్టుకునే గుండె మీకుందా అన్నది ఇంకో టెన్షన్.

పిల్లలు పని చేస్తారు. ఇష్టమై చేస్తారు, ఇష్టం లేకా చేస్తారు. తల్లి చనిపోయిన దూడను సీసాపాలతో పెంచి ఆగస్టులో కౌంటీ ఫెయిర్‌లో ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బు పోటీకి తీసుకెళ్లడం ఇక్కడి చిన్నపిల్లలకు మొదటి పరీక్ష. పెద్దయ్యాక కోడెను పెంచి, పోటీ అయ్యాక అక్కడే వేలంలో అమ్ముతారు. ఆ సాయంత్రం పశువుల షెడ్లలో ఏడవని పిల్లలు తక్కువ. మీ పాప ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు, డబ్బు మాత్రం ఆమె కాలేజీ ఖాతాలో పడుతుంది.

ప్రమాదాల విషయంలో నేను కఠినంగా ఉంటాను. కొత్తవాళ్లు ఆంబోతుకు భయపడతారు, అది మంచిదే. కానీ అప్పుడే ఈనిన ఆవు దగ్గరికి పిల్లల్ని అసలు పంపొద్దు. ఏడాదంతా సాధువుగా ఉన్న ఆవు ఆ రెండు రోజులు మనిషిని కంచెకేసి కొడుతుంది. ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు దగ్గరికి వదులు బట్టలతో వెళ్లకూడదు, అంటే చున్నీలు, కండువాలు ఇంట్లోనే. ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల చిన్న బండి, ఏటీవీ, ఆటబొమ్మలా కనబడుతుంది, ఇసుక దిబ్బ పక్కవాటుగా ఎక్కితే బోల్తా పడి మీదికొస్తుంది. మీ ఆరేళ్లవాడికి ఇంకా చాలా ఏళ్లు అది వద్దు. అంబులెన్స్ నడిపేది కూడా పొరుగు రైతులే, వాళ్లు పొలం పని వదిలి రావాలి.

అక్టోబరు నా సీజన్. దూడల్ని తల్లుల నుంచి విడదీసి పాలు మాన్పిస్తారు, రెండు మూడు రాత్రులు ఇటూ అటూ అరుపులతో ఎవరికీ నిద్రుండదు. నేను వెళ్లి ఒక్కో ఆవును చేయిపెట్టి చూసి చూలు ఉందో లేదో చెబుతాను. చూలు లేని ఆవు అమ్మకానికి వెళ్లిపోతుంది, ఎంత ఇష్టమైనదైనా. నా వెనక ఇంటావిడ పుస్తకం పట్టుకుని నంబర్లు రాసుకుంటూ ఉంటుంది. ‘లేదు’ అని వరసగా నాలుగుసార్లు చెప్పాల్సి వస్తే నేను ఆమె మొహం వైపు చూడను. ఏడాదికి ఒక్కసారి వచ్చే జీతం అది.

లెక్క వేద్దాం. 300 ఆవుల మందలో 270 దూడలు చేతికొచ్చాయనుకోండి. 45 పెయ్యల్ని మందకు ఉంచుకుంటే అమ్మేవి 225. ఒక్కోటి 550 పౌండ్లు. 2020లో పౌండు డాలరున్నర పైచిలుకు పలికింది, అంటే మొత్తం రెండు లక్షల డాలర్లకు అటూ ఇటూ. 2025లో నాలుగు డాలర్లు దాటింది, అంటే దాదాపు అయిదు లక్షలు. అదే ఆవులు, అదే పని. కరువులతో జనం ఆవుల్ని అమ్మేసుకోవడం వల్ల 2025 జనవరి నాటికి దేశంలో పశువులు 8 కోట్ల 67 లక్షలకు పడిపోయాయి, 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ లేదు. ధర అందుకే పెరిగింది, మళ్లీ మంద పెరిగితే దిగుతుంది. ఆవును ఏడాది సాకడానికి ఇప్పుడు వెయ్యి డాలర్లకు పైమాటే. ఇక భూమి: 300 ఆవులకు నాలుగున్నర వేల ఎకరాలు, ఎకరం వెయ్యి డాలర్ల చొప్పున వేసుకున్నా 45 లక్షల డాలర్లు. దాని మీద ఏడు శాతం వడ్డీ ఏటా మూడు లక్షలు దాటుతుంది. దూడలు భూమి అప్పు తీర్చవు. ఇప్పుడు రాంచ్ నడుపుతున్నవాళ్లలో ఎక్కువమందికి భూమి తాతలిచ్చింది. డల్లాస్ ఇల్లు అమ్మి వచ్చిన డబ్బుతో మొత్తం కొనేద్దామన్న ఆలోచన మానుకోండి.

తాతలిచ్చిన భూమికీ దాని తంటాలున్నాయి. ముగ్గురు పిల్లల్లో ఒకడు ఉండి పనిచేస్తాడు, ఇద్దరు ఒమాహాలోనో డెన్వర్‌లోనో ఉంటారు. తండ్రి పోతే సమాన వాటా అంటారు. వాటా కొనిచ్చే డబ్బు ఉన్నవాడి దగ్గర ఉండదు. నలభై అయిదేళ్లొచ్చినా చెక్కు మీద సంతకం పెట్టే అధికారం లేని కొడుకులు, ఎనభై దాటినా తాళాలు వదలని తండ్రులు ఇక్కడ చాలామంది. 2022 వ్యవసాయ గణనలో అమెరికా రైతుల సగటు వయసు 58.1 ఏళ్లు. మీలాంటి వాళ్లకు దారి అక్కడే ఉంది: వారసులు లేని, లేదా వారసులకు ఇష్టం లేని పెద్దవాళ్లు. వాళ్ల దగ్గర గడ్డి కౌలుకు తీసుకోవచ్చు. కొత్త రైతుకు కౌలుకిచ్చే భూమి యజమానికి నెబ్రాస్కా ప్రభుత్వం ట్యాక్సు రాయితీ ఇస్తుంది. వ్యవసాయ శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కొత్తవాళ్లకు అప్పులిస్తుంది, కానీ అనుభవం చూపించమంటుంది.

మీరు అడగనిది ఒకటి. ఈ దూడలన్నీ మాంసం కోసమే. ఇక్కణ్నుంచి దాణా పెట్టి బలిపించే ఫీడ్‌లాట్లకు, అక్కణ్నుంచి కబేళాకు. మీ తాతగారి ఒంగోలు ఆవులతో దీన్ని కలిపి చూసుకోకండి. ఒంగోలు రక్తం టెక్సస్ బ్రాహ్మన్ ఆవుల్లో ఉంది, బ్రెజిల్ నిండా నెలోర్ పేరుతో ఉంది, అక్కడా పెంచేది మాంసానికే. నల్ల యాంగస్ జాతి ఆవులు తిరిగే ఈ మంచులో ఆ జాతి నిలవదు కూడా. మీ ఇంట్లో ఇది కుదరదు అనుకుంటే, అందులో తప్పేం లేదు, డెయిరీయో, మేకలో, వేరే దారి చూసుకోండి. కుదురుతుంది అనుకుంటే పిల్లలకు మొదటి రోజే చెప్పండి, నాలుగో ఏట తెలిస్తే వాళ్లు మిమ్మల్నే తప్పుపడతారు.

నేనైతే ఇలా చేయమంటాను. జూన్‌లో రాకండి, జూన్‌లో ఇక్కడ అందరికీ నచ్చుతుంది. ఈతల కాలంలో ఒక రాంచ్‌కి రాత్రి వంతుల మనిషిగా రండి. ఎప్పుడూ మనుషులు కావాలి, గది, భోజనం, కొంత జీతం ఇస్తారు. ఇద్దరూ రండి, పిల్లల్ని మీ అమ్మగారి దగ్గర ఉంచి. ఆ తర్వాత కూడా ఇష్టం మిగిలితే, రెండు ఉద్యోగాల్లో ఒకటి ఇంటి నుంచి చేసేలా ఉంచుకుని, నలభై ఆవులతో కౌలు గడ్డి మీద మొదలుపెట్టండి. పల్లెల్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉన్న రోడ్లు ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, ఇల్లు చూసుకునే ముందు అది అడగండి. ఆవుల్ని కొనేటప్పుడు నాలుగైదు ఈతలు ఈనిన నెమ్మదస్తుల్ని కొనండి. ఇరవై తొలిచూలు పెయ్యల్ని చవకగా ఇస్తానని ఎవరైనా అంటే, అతను తన నిద్రలేని రాత్రుల్ని మీకు అమ్ముతున్నాడు.

గుర్రం సంగతి. పాపకు మొదటి గుర్రం పదిహేనేళ్లు దాటినదై ఉండాలి, పిల్లల్ని మోసి అలవాటున్నది, కుక్క మొరిగినా తల తిప్పనిది. పొరుగున, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయిన ఇల్లు చూసుకుని అడగండి, అలాంటి గుర్రాన్ని వాళ్లు ఒక్కోసారి డబ్బు తీసుకోకుండా అరువిస్తారు, చలికాలం మేత మీది. కాళ్లూ పళ్లూ నాలాంటి వాళ్లతో చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.